ఖాళీ బండి తూకం

మిర్యాలగూడ బైపాస్ మీద
వే బ్రిడ్జి కాడ కూసుంట నేను.
వడ్ల లారీ ఎక్కుతది, ఎర్ర అంకెలు ఉరుకుతయి,
నిలవడ్డంక చీటీ చింపి ఇస్త.
లోడు బండి తూకం, ఖాళీ బండి తూకం,
నడుమ మిగిలిందే సరుకు.
పద్దెనిమిదేండ్లాయె.
ఆ ఇనుప పలక మీదికి నేనెక్కలే ఒక్కనాడు.

నల్లగొండ పెద్ద దవాఖానల ఎక్కిన మొదటి కాంటా
ముప్పై మూడు చూపెట్టింది.
అప్పటికి మా ఆయన పోయి నలభై దినాలు.
పాడె మోసినోళ్లల్ల ఒకడు
"వరిగడ్డి మోపు లెక్క ఉన్నడు" అన్నడు.
మెల్లగనే అన్నడు. ఇన్నోళ్లు ఇన్నరు.
ఆ రోగాన్ని మా వాడకట్టుల పేరు పెట్టి పిలవరు,
"సన్నబడ్డడు" అంటరు. గంతే.
గా ఒక్క మాటకు చెంబు వేరైతది, పీట వేరైతది,
నల్లా కాడ నా బిందె వెనుకకు జరుగుతది.

గోళీలు పడ్డయి. పెయ్యి పట్టింది.
యాభై, అరవై, కొత్త గోళీలొచ్చినంక ఎనభై.
ఎనభై దాటిననాడు పండుగ చేసుకున్న,
పావుకిలో బాలుషాయి, బస్టాండు బెంచీ, నేను.

లగ్గాలల్ల ముందు బంతికే కూసునేది.
ఆకలి లేకున్నా మారు బువ్వ ఏయించుకునేది,
నలుగురు చూడంగ తినేది.
"ఇద్దమ్మకేం, బర్రె లెక్కుంది" అంటరు చూడు,
ఆ తిట్టే నాకు సర్టిఫికెట్టు.
లావు నా తలుపుకు గొళ్లెం.
నడిస్తే డబ్బల గోళీలు గలగలమంటయని
దూది కుక్కి బొడ్ల దోపేది.

ఇప్పుడు నూట పందొమ్మిది.
మోకాళ్లు మాట ఇంటలేవు. షుగరు మూడొందలు.
నిద్రల ఊపిరి ఆగుతుందని
చెల్లె బిడ్డ రాజేశ్వరి లేపి కూసుండబెడ్తది.

రెండు దవాఖాన్లు నా కాయితం చూసి
చేతులు కడుక్కొని పొమ్మన్నయి.
మూడో కాడ పట్నం డాక్టరు పొట్ట బొమ్మ గీసి
ముప్పావు భాగం కొట్టేసిండు.
"మిగిలేది అరటికాయంత" అన్నడు.
"నీ రక్తంల పురుగు లెక్కకే అందుతలేదు,
నీకెందుకు చెయ్యొద్దు?" అన్నడు.

నేనడిగింది ఒక్కటే,
"అరటికాయంత పొట్టల గోళీ ఇముడుతదా సారూ?"
ఇముడుతదట. రక్తం చూసుకుంట ఉంటరట.
ఐరన్ గోళీ, గా గోళీ ఒక్కతాన కలవొద్దట,
మాటల్లేని తోడికోడండ్ల లెక్క ఎడం పెట్టాలెనట.

అడగంది ఇంకోటుంది.
నేను మళ్ల సన్నబడ్తే, సారూ,
మా వాడకట్టుకు ఏం చెప్పాలె?
కిలో కిలో పేర్చి కట్టుకున్న గోడ
ఒక్క పూటల కూలుస్తనంటివి.

అడగకనే ఏలిముద్రేసిన.

ఆరు నెలలు. ఎనభై నాలుగు.
జాకెట్లకు లోపలి కుట్లేసుకున్న.
గిన్నెడు జావ గంటసేపు తాగుత.
కిరాణం వజ్రమ్మ చూసింది,
చూపొచ్చి నా మెడ ఎముక కాడ ఆగింది.
"ఏందే, సన్నబడ్డవ్?"

గదే మాట. ఇన్నేండ్లు
ఎవరి నోట్ల దాసి పెట్టిండ్రో.
కొట్టు ముందట ఐదారుగురు.
చేతుల నూనె ప్యాకెట్టు జారబట్టింది.
"అవ్," అన్న, "సన్నబడ్డ."
ఆపరేషన్ అని చెప్పొచ్చు. చెప్పలే. ఎందుకో.

ఆనాటి సందేళ ఆఖరి లారీ పోయినంక
చెప్పులిడిసి పలక మీదికెక్కిన.
పది కిలోలకో అంకె మారే మిషిను,
మనిషికి పెట్టింది కాదు.
ఎనభై అన్నది, తొంభై అన్నది, మళ్ల ఎనభై అన్నది.
నవ్వొచ్చింది.
నవ్వితే బొడ్ల డబ్బ గలగలమన్నది.
దూది దవాఖాన్ల నర్సమ్మ తీసి పారేసింది,
మళ్ల కుక్కుడు యాది మరిచిన.

లైటు కింద వాచ్‌మెన్ మౌలాలి తల తిప్పిండు,
"ఏం చప్పుడు, అక్కా?"

"గోళీలు" అన్న.